బావంచాలూ ఎండా

హైదరాబాదులో ఊరి పేరు చెప్పగానే "ఓహో, చీరల పోచంపల్లా" అంటారు. కాదు. మాది తమిళనాడులో, కృష్ణగిరి జిల్లా పోచంపల్లి. మా ఊరికి పేరు తెచ్చింది మగ్గాలు కాదు, ఆదివారం సంత, మామిడితోపులు. అయినా ఒకసారి ఆ చీరల పోచంపల్లికీ పోయి చూసినాను. నేసేదానికి ముందే నూలుకు అక్కడక్కడ బిగువుగా కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు ఉన్న చోట రంగు దిగదు, విప్పితే తెల్లగా ఉంటుంది. అది చూస్తానే కుడిచెయ్యి వీపు వెనక్కి పోయింది. నేను దాచలేదు, అదే పోయింది. అరవై ఏండ్ల అలవాటు.

నాకు బొల్లి. 1965లో, పన్నెండేండ్లప్పుడు, చూపుడువేలి కణుపు మీద పెసరగింజంత మచ్చతో మొదలైంది. సంవత్సరం యాల గుర్తుందంటే, ఆ అక్టోబరు 2న మా ప్రాంతాన్ని సేలం జిల్లాలో నుంచి విడదీసి ధర్మపురి జిల్లా చేసినారు. (కృష్ణగిరి జిల్లా వచ్చింది 2004లో.) బళ్ళో అయ్యవారు కొత్త జిల్లా పటం గీయమన్నాడు. గీస్తా ఉన్న చేతిని చూసి పక్కనోడు, "ఒరే, నీ చేతి మీద కూడా ఒక కొత్త జిల్లా పుట్టిందిరా" అన్నాడు. అప్పుడు నేనూ నవ్వినాను. పటం ఏడాదికేడాదికి పెద్దదయింది.

మా తాతకు సంతలో మూలికల అంగడి. అంగడంటే నాలుగు కాళ్ళు, పైకప్పు ఉండేది కాదు. నేల మీద గోనెపట్టా, దాని మీద చిన్న చిన్న మూటలు: కరక్కాయ, తానికాయ, వసకొమ్ము, పిప్పళ్ళు, అతిమధురం, సుగంధపాల వేర్లు, చాకలోళ్ళు గుడ్డలకు గుర్తు పెట్టేదానికి కొనే నల్లజీడి, చివర్న ఒక మూటలో బావంచాలు. నల్లగా, మూత్రపిండం ఆకారంలో, పట్టుకుంటే వేళ్ళకు జిగటగా అంటుకునే గింజలు. నోట్లో వేసుకుంటే చేదు, వాసన మాత్రం బాగుంటుంది. ఆడోళ్ళు వాటిని స్నానప్పొడిలోకి కొనేవాళ్ళు. మగోళ్ళు వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగితే అది బొల్లికని తాతకు తెలిసిపోయేది.

మా సంతలో నాలుగు భాషలు తిరుగుతాయి. తెలుగోళ్ళు బొల్లి అంటారు. కన్నడమోళ్ళు తొన్ను అంటారు. సాయిబులు బరస్ అంటారు, సఫేద్ దాగ్ అంటారు. తమిళోళ్ళు వెణ్‌కుష్టం అంటారు. మొదటి మూడు భాషల మాటల్లోనూ కుష్టు అనే మాట లేదు. బొల్లి అనే మాట తెలుగులో తిట్టు కూడా కాదు. కాటమరాజు కథలో మందకు ముందు నడిచేది బొల్లావే, నుదుట తెల్లమచ్చ ఉండే నీటికోడిని బొల్లికోడి అంటాము. నాలుగో మాటలో మాత్రం కుష్టు ఉంది. చదువుకున్న తెలుగోళ్ళ శ్వేతకుష్టులోనూ అదే ఉంది. ఆ ఒక్క మాట మా ఇంటికి ఏం చేసిందో తరువాత చెప్తాను, ముందు తాత వైద్యం.

తాత బావంచాలను ఆవు పంచితంలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి, నూరి, నూనెతో కలిపి నా చేతికి పూసినాడు. పూసి, మా ఊరి వెనకాల బండ మీద ఎండలో కూర్చోమన్నాడు.

"ఎంతసేపు తాతా?"

"మంట పుట్టేదాకా."

కృష్ణగిరి బండలు ఎట్లాంటివో తెలిసినోళ్ళకు తెలుసు. చైత్రమాసం, మిట్టమధ్యాహ్నం. మంట అప్పుడే పుట్టలేదు, రాత్రికి పుట్టింది. తెల్లారేసరికి చెయ్యి మీద కోడిగుడ్డంత బొబ్బ. అవ్వ ఏడ్చింది, తాతను తిట్టింది. తాత మాత్రం తుమ్మముల్లు తెచ్చి బొబ్బను చిదిమినాడు, తనకు తెలిసిన పనే అన్నట్టు. చాలా ఏండ్ల తరువాత చరక సంహితలో కుష్ఠ చికిత్స అధ్యాయం చదువుతా ఉంటే నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. శ్విత్రానికి, అంటే బొల్లికి, మందు పుచ్చుకొని, ఒంటికి నూనె పూసుకొని, ఓపినంత ఎండలో ఉండమనీ, లేచిన బొబ్బలను ముల్లుతో చిదమమనీ అందులో ఉంది. మా తాతకు సంస్కృతం రాదు, చరకుడి పేరు విన్నాడో లేదో కూడా నాకు తెలీదు. ముల్లు మాత్రం చేతులు మారుతా ఆయన దాకా వచ్చింది.

ఇంకా వెనక్కి పోతే అథర్వవేదం మొదటి కాండలోనే రెండు సూక్తాలు ఉన్నాయి, నల్లటి ఓషధిని పిలిచి తెల్లమచ్చకు రంగు ఇమ్మని అడిగేవి. రంగు పోవడాన్ని మనిషి ఎంత పాతకాలం నుంచి లెక్కపెట్టుకుంటా ఉన్నాడో చూడండి. హెరొడోటస్ అనే గ్రీకు చరిత్రకారుడు పారసీకుల సంగతి రాస్తా, తెల్లమచ్చలు వచ్చినోన్ని ఊళ్ళోకి రానీరనీ, వాడు సూర్యుడి పట్ల ఏదో పాపం చేసుంటాడని అనుకుంటారనీ చెప్పినాడు. మా అవ్వ నమ్మకం దీనికి ఎదురు. కృష్ణుడి కొడుకు సాంబుడికి చర్మరోగం పోగొట్టింది సూర్యుడే కదా అనేది. రథసప్తమినాడు తలమీద, భుజాలమీద జిల్లేడాకులు, రేగుపండ్లు పెట్టి నాకు ప్రత్యేకంగా ఇంకొక చెంబు ఎక్కువ పోసేది. కోపగించుకున్నా సూర్యుడే, కరుణించినా సూర్యుడే. ఈ జబ్బు కథలో ఆయన లేని పేజీ లేదు.

బావంచాల లోపల ఉండే పదార్థాన్ని విడదీసింది మనోళ్ళే. 1933లో హెచ్.ఎస్. జోయిస్, బి.ఎల్. మంజునాథ్, ఎస్. వెంకటరావు ఆ గింజల రసాయన పరీక్షను ప్రచురించినారు. పేర్లు చూస్తేనే మా పొరుగోళ్ళని అనిపిస్తుంది, నాకదొక గర్వం. మొక్క శాస్త్రీయ నామం సొరాలియా; దాన్నిబట్టి ఆ పదార్థానికి సొరాలెన్ అని పేరు. అది ఒంటికి తగిలినంత మాత్రాన ఏమీ చేయదు. కణంలోని డి.ఎన్.ఏ. పోగుల మధ్యకు దూరి కూర్చుంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, అందులోనూ పొడుగు అలలవి, తగిలినప్పుడే అతుక్కుని పని మొదలుపెడుతుంది. అంటే గింజ ఒక్కటే మందు కాదు, ఎండ ఒక్కటే మందు కాదు. రెండూ కలిస్తేనే మందు. పాళ్ళు తప్పితే కాల్చే నిప్పు.

మనకు బావంచాలు ఎట్లాగో ఈజిప్టోళ్ళకు నైలునది ఒడ్డున పెరిగే అమ్మీ మాజస్ అనే మొక్క అట్లాగ. దాని గింజలు తిని ఎండలో కూర్చునే వైద్యం వాళ్ళకూ వందల ఏండ్లుగా ఉంది. కైరోలో డాక్టర్ ఎల్ మోఫ్తీ ఆ గింజల్లోంచి తీసిన శుద్ధమైన మెథాక్సాలెన్‌ను రోగులకిచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించినాడు. అప్పటినుంచి అది మాత్రయింది, మిల్లీగ్రాములకొచ్చింది. ఇక్కడొక పక్కదారి. 1959లో అమెరికాలో జాన్ హవర్డ్ గ్రిఫిన్ అనే తెల్లాయన ఇదే రకం మాత్రలు మింగి, దీపాల వెలుగులో పడుకుని, ఒళ్ళు నల్లగా చేసుకుని, నల్లవాళ్ళు దక్షిణ రాష్ట్రాల్లో ఎట్లా బతుకుతున్నారో చూసేదానికి బయలుదేరినాడు. బొల్లిమచ్చ మూసేదానికి పుట్టిన మందు ఒక మనిషిని జాతే మార్చి పంపించింది. మా ఊరి గోనెపట్టా మీది గింజలకు అంత దూరపు చుట్టం ఉందని తాతకు చెప్పలేకపోయినాను.

నా బొబ్బ మానింది. అంచుల్లో నల్లటి చుక్కలు నాలుగైదు పుట్టినాయి, ఇంట్లో అందరూ సంబరపడిరి. రెండు నెలలకు కాలిన చోటంతా తెల్లబడింది. బొల్లి ఉన్న ఒంటికి గీరుకున్నా, కాలినా, ఒరుసుకున్నా ఆ చోట కొత్త మచ్చ లేస్తుంది. దీన్ని కోబ్నర్ అనే జర్మన్ డాక్టరు పేరుతో పిలుస్తారు. మొలతాడు కింద, చెప్పు వారు కింద, మోకాళ్ళ మీద మచ్చలు అందుకే ఎక్కువ. తాత మందు తప్పు కాదు. ఆయన దగ్గర సగం నిజం ఉండింది: గింజ తెలుసు, ఎండ తెలుసు. కొలత లేదు. బావంచాలను సోలతో కొలిచినాడు, ఎండను మంటతో కొలిచినాడు.

మరి తాత చేతి మీద బాగయినోళ్ళు లేరా? ఉన్నారు, చాలామంది. "పోచంపల్లి సంతలో ముసలాయన బొల్లి పోగొడతాడు" అని కావేరిపట్నం, మత్తూరు, బర్గూరు నుంచి వచ్చేవాళ్ళు. పెద్దయినాక ఆలోచిస్తే, వాళ్ళలో సగం మందికి ఉండింది బొల్లే కాదు. ఛాతీ మీద, వీపు మీద వానాకాలం తరువాత పాలిపోయిన చుక్కలు వస్తాయే, గోటితో గీరితే పొట్టు రాలుతుందే, అది శోభి. ఒంటి మీద ఎప్పుడూ ఉండే బూజు చెమటకు పెచ్చుమీరడం. గంధకం పూస్తే పోతుంది, తాత దగ్గర గంధకం ఉండింది. పిల్లకాయల బుగ్గల మీద వచ్చే పాలిపోయిన మచ్చలను కడుపులో పురుగులని వాము, వాయువిడంగాలు ఇచ్చేవాడు. అవి పొడిచర్మం మచ్చలు, ఏమివ్వకున్నా పోతాయి. అట్లా శోభి పోగొట్టిన కీర్తి అంతా బొల్లి ఖాతాలో పడింది. నాటువైద్యుల మీద నాకు కోపం లేదు. ఈ ఒక్క లెక్క మాత్రం తేల్చాలి.

1967లో బళ్ళోకి కుష్టు సర్వే ఆయన వచ్చినాడు. సైకిలు, ఖాకీ సంచి. దేశమంతా కుష్టు నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. అదే ఏడు మాకు తూర్పున వేలూరు దగ్గర కరిగిరిలో కుష్టు పరిశోధన ఆసుపత్రి పెట్టినారు. అంతకు ముందే వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ వంకరపోయిన వేళ్ళకు శస్త్రచికిత్సలు చేస్తా ఉండినాడు. ఆ జబ్బును మా ఊళ్ళో పేరు పెట్టి పిలిచేవాళ్ళు కారు. పెద్దరోగం అంటారు. సర్వే ఆయన చొక్కాలు విప్పించి వరసగా నిలబెట్టినాడు. నా చెయ్యి చూస్తానే పక్కకు రమ్మన్నాడు. అయ్యవారు రెండడుగులు వెనక్కి వేసిన సంగతి నేను చూసినాను.

"కండ్లు మూసుకో అబ్బయా. నేను ముట్టినచోట వేలు పెట్టి చూపించు."

దూదిని వత్తిలాగ మెలిపెట్టి, దాని కొసతో మచ్చ మీద ముట్టినాడు. నేను చూపించినాను. మళ్ళీ ముట్టినాడు. పదిసార్లు ముట్టితే పదిసార్లూ చూపించినాను. ఆయన లేచి, బడి అంతా వినేటట్టు తమిళంలో, మళ్ళీ నా కోసం తెలుగులో చెప్పినాడు: ఇది కుష్టు కాదు, కుష్టు మచ్చకు స్పర్శ ఉండదు, అది పాలిపోయి ఉంటుంది కానీ ఇట్లా పాలలాగ తెల్లగా ఉండదు, ఇది ఎవరికీ అంటదు. ఆ మధ్యాహ్నం నా పక్కన కూర్చోని అన్నం తిన్నాడు, నా చెయ్యి ముట్టిన చేత్తోనే. నా జీవితంలో ఈ జబ్బుకు దొరికిన మొదటి సరైన వైద్యం అదే, ఆ దూదివత్తి.

అయినా బళ్ళో చెప్పిన మాట ఊరు దాటలేదు. 1971లో అక్కకు హోసూరు వైపు నుంచి సంబంధం వచ్చింది. చూపుల రోజు నన్ను పొద్దున్నే సందూరుకు పంపేసినారు, మామిడి నారుతోటలో పని చూసుకురమ్మని. పని లేదు, అందరికీ తెలుసు. అక్కడ రోజంతా మామిడి అంట్లు కట్టేది చూస్తా కూర్చున్నాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాళ్ళు వెళ్ళిపోయినారు. నేను ఇంట్లో లేకపోయినా నా చెయ్యి సంగతి వాళ్ళకు ముందే తెలుసు. "ఆ ఇంట్లో కుష్టు ఉండాదంట" అన్నారంట. బొల్లి అని ఎవరన్నా చెప్పుంటే ఒకవేళ ఒప్పుకునేవాళ్ళేమో. తమిళంలో చెప్పినారు, కుష్టం అని చెప్పినారు.

ఈ మాట ఎక్కడ కలిసింది? వైద్యుల గ్రంథాల్లోనే కలిసింది. పాతకాలం వైద్యులు చర్మరోగాలన్నిటినీ కుష్ఠం అనే పెద్ద గంపలో వేసినారు, గజ్జి, తామర అంతా అందులోదే. సుశ్రుతుడు జాగ్రత్తగానే రాసినాడు: కిలాసం, అంటే బొల్లి, కూడా కుష్ఠంలో ఒక భేదమే, అయితే అది చర్మానికి మాత్రమే పరిమితం, చీము నెత్తురు కారదు అని. గంప పేరు నిలబడింది, "అయితే" తరువాతి మాట రాలిపోయింది. పెండ్లికి వద్దనే కుటుంబాల జాబితాలో మనుస్మృతి శ్విత్రం ఉన్న ఇంటినీ, కుష్ఠం ఉన్న ఇంటినీ పక్కపక్కనే నిలబెట్టింది. మనోళ్ళ తప్పే అనుకోకండి. బైబిలులో హీబ్రూవాళ్ళు చెప్పిన తెల్లమచ్చలు గ్రీకులోకి లెప్రా అని పోయి, అక్కడినుంచి అన్ని భాషల్లోకీ కుష్టుగానే వచ్చినాయి. తమిళనాడు ప్రభుత్వం చాలా ఆలస్యంగా, బాధితులు పోరాడి అడిగినాక, వెణ్‌కుష్టం అనే మాట తీసేసి వెణ్‌పుళ్ళి అనమంది. తెల్లచుక్క. కుష్టును విడాకులకు కారణంగా చూపించే చట్టపు మాటనే పార్లమెంటు 2019లో తొలగించింది. అక్కకు 1974లో పెండ్లయింది, తిరుపత్తూరులో. బావ మంచోడు.

ఇక యాల వస్తుందనే సంగతి. అవ్వ దృష్టిలో మూడు కారణాలు: ఎవరో పామును చంపి ఉంటారు, నేను చేపలు తిని పాలు తాగి ఉంటాను, లేదా పోయిన జన్మ. చేపలూ పాలూ అనేది చరకుడి కాలం మాటే. ఆ లెక్కన నాకు ఏడేండ్లు పెరుగు, నిమ్మకాయ, చేపలు బంద్. డాక్టర్లు చెప్పే కారణం వేరే. చర్మానికి రంగు తయారుచేసే కణాలు మెలనోసైట్లు. ఒంటికి కాపలా ఉండే తెల్లకణాలే ఏదో పొరపాటున వాటిని దొంగలనుకుని చంపుతాయి. కాపలాకుక్క ఇంటోన్ని కరిచినట్టు. కొంత వంశంలో ఉంటుంది, చాలామందికి వంశంలో ఎవరికీ ఉండదు. కొందరికి థైరాయిడ్ జబ్బు జత వస్తుంది. లోకంలో నూటికి ఒకరి చుట్టుపక్కల ఈ మచ్చలున్నాయని అంచనా, సగం మందికి ఇరవై ఏండ్ల లోపలే మొదలవుతుంది.

బయటి కారణాలూ ఉన్నాయి. 1939లో అమెరికాలో తోళ్ళు పదునుపెట్టే కార్ఖానా కూలీల చేతులు తెల్లబడితే, వాళ్ళు తొడుక్కున్న రబ్బరు గ్లవుజుల్లో కలిపిన ఒక రసాయనం దోషమని తేలింది. వాణియంబాడి, ఆంబూరు తోళ్ళ షాపులు మాకు దగ్గరే కాబట్టి ఇది చదివినప్పుడు నాకు అమెరికా కనబడలేదు. మా మేనకోడలికి నుదుట సరిగ్గా రూపాయి బిళ్ళంత గుండ్రటి తెల్లమచ్చ వచ్చింది. దేవుడు కొలత పెట్టి గీసినాడా అన్నట్టు. అవ్వ ఉండి ఉంటే నాగదోషం అనేది. స్టిక్కరు బొట్టు. దాని బంకలో ఉండే ఫినాలు జాతి రసాయనం రంగుకణాలను చంపుతుంది. కుంకుమకు మారింది, మందు పూసింది, ఏడాదికి చాలావరకు రంగొచ్చింది.

నా చేతికి, మొహానికి రంగు వెతకడం 1980ల్లో మళ్ళీ మొదలైంది, బెంగళూరులో. మెథాక్సాలెన్ మాత్ర మింగి, రెండు గంటలాగి, గడియారం చూసుకుని ఐదు నిమిషాలు ఎండ. వారానికి మూడుసార్లు. తరువాత నిమిషం నిమిషం పెంచుకుంటా పోవాలి, సాయంత్రం దాకా నల్లకండ్లద్దాలు తీయకూడదు. డాక్టరమ్మ నిమిషాలు కాగితం మీద రాసిస్తా ఉంటే, బండ మీద తాత గుర్తొచ్చినాడు. అదే గింజ వంశం, అదే సూర్యుడు, నడుమ ఒక గడియారం. ఆరునెలలకు చెంప మీద రంగు తిరిగింది. ఒక్కసారిగా రాలేదు, ప్రతి వెంట్రుక మొదట్లో ఒక నల్లచుక్క, నాట్లు వేసిన మడిలాగ. వెంట్రుక కుదురులో మిగిలిన విత్తనకణాలే పైకొచ్చి రంగు పరుస్తాయంట. అందుకే వెంట్రుకలు లేని వేళ్ళ కొసలకు, పెదవులకు రంగు రాదు. మచ్చలో వెంట్రుక కూడా తెల్లబడితే అక్కడ విత్తనం అయిపోయినట్టే.

తరువాత మాత్రతో పని లేకుండా 311 నానోమీటర్ల కిరణాలిచ్చే దీపాలొచ్చినాయి. ఆంస్టర్‌డాంలో వెస్టర్‌హాఫ్ అనే ఆయన 1997లో అవి బొల్లికి పనిచేస్తాయని చూపించినాడు. నెలల తరబడి వారానికి రెండుమూడుసార్లు పోయి పెట్టెలో నిలబడాలి. పోచంపల్లి నుంచి కూలికి పోయేవాడు అన్నిసార్లు బస్సెక్కలేడు, ఈ మాట ఏ పుస్తకంలోనూ ఉండదు. కొత్త మచ్చలకు స్టెరాయిడ్, టాక్రోలిమస్ పూతలున్నాయి. 2022లో అమెరికాలో రుక్సోలిటినిబ్ పూతకు అనుమతి ఇచ్చినారు, అది కాపలాకుక్కను కట్టేసే రకం మందు. పాకకుండా నిలిచిపోయిన మచ్చలకు తొడ మీది మంచి చర్మం చిన్నచిన్న ముక్కలు తీసి నాటుతారు. ఆ సంగతి విన్నప్పుడు డాక్టరుకు "ఇది అంటుకట్టడమే కదా, సందూరులో చూసినాను" అన్నాను. ఆయన నవ్వి, చెట్టు ఎదుగుతా ఉన్నప్పుడు కట్టొచ్చు కానీ మచ్చ ఎదుగుతా ఉన్నప్పుడు కట్టకూడదు అన్నాడు. ఏడాదైనా పాకకుండా ఉండాలంట. నేను కట్టించుకోలేదు. మొహం బాగయింది, వేళ్ళు తెల్లగానే ఉన్నాయి, వాటితో పేచీ మానేసినాను.

పోయిన ఆదివారం సంతకు పోయినాను, మనవరాలి స్నానప్పొడికి సరుకులు కావాలని కోడలు చీటీ రాసిచ్చింది. తాత కూర్చునే చోటికి కొంచెం ఇవతల, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా మీద, ఎలక్ట్రానిక్ తక్కెడ పెట్టుకుని ఒకాయన మూలికలు అమ్ముతున్నాడు. చీటీలో కార్బోక అరిసి అని ఉంది, తమిళంలో బావంచాలకు అదే పేరు. వంద గ్రాములడిగినాను. ఆయన నా వేళ్ళను చూసినాడు, గొంతు తగ్గించి తెలుగులోకి మారినాడు.

"నూనెలో కలిపి పూసి ఎండలో కూర్చో పెద్దాయనా. పోతుంది."

"ఎంతసేపు?"

"మంట పుట్టేదాకా."

మాట్లాడకుండా చొక్కా చేతిని పైకి మడిచి, చిన్నప్పుడు కాలిన మచ్చ చూపించినాను. ఆయన దాన్ని చూసినాడు, నా మొహం చూసినాడు, పాపం ఇంత పెద్ద మచ్చా అనుకున్నాడేమో, తక్కెడలో ఇంకొక పిడికెడు బావంచాలు ఊరికే వేసినాడు.